సొంత మనిషివని

పత్తికొండ,
అక్టోబరు, దసరా వెళ్ళిన వారం

చిరంజీవి మధులతకు మామ పుల్లయ్య రాసేది. ఆశీర్వాదం ఎప్పట్లాగే ఉంది. దాని వెనకాలే కోపం కూడా వస్తోంది. రెండూ తీసుకో.

పొద్దున మిద్దె మీద కాకరతీగకు తాడు కట్టి, ఫోటో తీసి, మన మిద్దెతోట గ్రూపులో పెడదామని ఫోన్ తీస్తే రాసే చోటే లేదు. మీరు ఈ గ్రూపులో సభ్యులు కారు అని వచ్చింది. సిగ్నల్ లేదేమో అనుకుని మిద్దె ఆ చివరికి, ఈ చివరికి తిరిగినాను. చివరకు మీ శివలీలత్తకు చూపిస్తే ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివి, "నిన్ను ఎలేసినారు పో" అని నవ్వింది. వెలేసింది ఎవరంటే నా మేనకోడలు. రెండు జిల్లాల జనం చూస్తుండగా.

నువ్వు ఫోన్ చేస్తున్నావు. నేను ఎత్తను. ఎత్తితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, మళ్ళీ నేనే నిన్ను ఊరుకోబెట్టాలి. అందులో నాకు న్యాయం ఎక్కడుంది? అందుకే ఉత్తరం. పోస్టుమాస్టరుగా రిటైరైనవాణ్ణి, నాకిది అలవాటైన దారే. నువ్వు చెప్పాల్సింది కూడా కాగితం మీదే రాయి.

నేను చేసిన తప్పేంది? ప్రొద్దుటూరు యామిని తన మిద్దె మీద కాసిన టమాటాలు వెండిపళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి ఫోటో పెట్టింది. అదే రోజు మా మార్కెట్లో టమాటాకు ఎత్తుడు కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పోసిపోయినారు. వాటి మీద ట్రాక్టర్లు పోయి ఊరంతా పులిసిన వాసన. నేను రాసింది ఒక్కటే. "అమ్మా, మీ కాయలు చూసి సంతోషం. మా ఊర్లో రోడ్డు మీద పోసినారు. అడగాల్సినోళ్ళు నిద్రపోతున్నారు." ఇది రాజకీయమా? తోటపని గ్రూపులో టమాటా గురించి కాక దేని గురించి రాయాలి?

దానికి ఎమ్మిగనూరు జయపాల్ దిగినాడు. మీవాళ్ళు ఉన్నప్పుడు ధర ఆకాశంలో ఉండిందా అన్నాడు. నేను ఊరుకోలేదు, ఆయనా ఊరుకోలేదు. సరే, వాళ్ళ నాయకుడి మీద నేనొక మాట జారినాను, ఒప్పుకుంటాను. మా నాయకుడి మీద ఆయన రెండు మాటలు జారినాడు. మరి తీసేసింది నన్నొక్కణ్ణే ఎందుకు? జయపాల్‌దీ మీ ఆయన శ్రీకాంత్‌దీ ఒకటే పార్టీ అని నేను అనడం లేదు. మీ శివలీలత్త అంటోంది.

పుల్లయ్య


కడప,
అక్టోబరు

మామకు నమస్కారాలు.

ఉత్తరం చేరింది. మా అత్త కవరు చూసి కోర్టు నోటీసేమో అని భయపడి, నేను క్లినిక్ నుంచి వచ్చేదాకా ముట్టుకోలేదు. నీ అక్షరాలు చూడగానే నాకూ కొంచెం అలాగే అనిపించింది.

ముందు శ్రీకాంత్ సంగతి. ఆయనకు ఆ గ్రూపు ఉన్నట్టే సరిగా తెలీదు. మిద్దె మీదకు వచ్చేది బట్టలు ఆరేశానా లేదా చూడటానికే. నిన్ను తీసింది నేను. నా చేత్తోనే.

ఆ రోజు ఏం జరిగిందో నీకు కనబడినట్టు లేదు. మీరిద్దరూ మాట మీద మాట విసురుకుంటుంటే నీ వెనక కొందరు, ఆయన వెనక కొందరు చేరారు. పాత కుంభకోణాలు, జెండాలు, ఎవరి తాత ఎవరికి ఓటేశాడో అన్నీ వచ్చాయి. ఆ మధ్యలో మైదుకూరు నుంచి ఒకామె మిరపాకు ముడుచుకుంటోంది, ఏం కొట్టాలి అని అడిగింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది. తర్వాత గ్రూపు వదిలి వెళ్ళిపోయింది. మామా, ఆ గ్రూపు అమ్మా నేనూ కలిసి పెట్టింది. అమ్మ పాలకూర కుండీ పక్కన పీట వేసుకుని చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా పంపడం అమ్మకు నచ్చేది కాదు.

ఇద్దరిలో ఒకరిని తీస్తే తప్ప ఆగదనిపించింది. జయపాల్ గారిని తీస్తే, మామను ఉంచుకుని పరాయివాణ్ణి వెళ్ళగొట్టింది అంటారు. ఆయన వైపువాళ్ళంతా లేచిపోతారు. నువ్వు సొంత మనిషివి. నీకు తర్వాత చెప్పుకోవచ్చు, తిడితే పడొచ్చు. సొంత మనిషివనే నిన్ను తీశాను.

ఇప్పుడు గ్రూపులో రాజకీయం రాయకూడదని నియమం పెట్టాను. జయపాల్ గారు కూడా ఆ రోజు నుంచి గ్రూపులో ఒక్క మాట రాయలేదు. అంతా నెమ్మదిగా ఉంది. టమాటా ధర రాజకీయమా, తోటపనా అని అడిగావు. నాకు తెలీదు మామా. నిజంగానే తెలీదు. ఈ మున్సిపల్ ఎలక్షన్ల వేడి తగ్గాక నిన్ను మళ్ళీ చేరుస్తాను. అందాకా ఫోనైనా ఎత్తు.

నీ మధు


పత్తికొండ,
నవంబరు

చి. మధులతకు,

ఫోన్ ఎత్తను.

సొంత మనిషివని తీశాను అని రాసినావు. ఆ మాట చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. బ్యాంకులో లైనులో నిలబడి మళ్ళీ తీసి చదివినాను. సొంతవాళ్ళకు ఇచ్చే మర్యాద ఇదేనా? ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మంచం చాలకపోతే ఇంట్లోవాళ్ళు కింద పడుకుంటారు, అది వేరే. నువ్వు నన్ను కింద పడుకోమనలేదు, బయట పడుకోమన్నావు. మీ శివలీలత్తకు నీ ఉత్తరం వినిపిస్తే, పాప చెప్పింది కరెక్టే అంది. ఈ ఇంట్లో కూడా నాకు మెజారిటీ లేదు.

సరే. ఒక పని మాట. పుష్యమాసంలో అక్క తిథి వస్తుంది. ఎప్పట్లాగే నేను కడపకు వస్తాను. నీ మీద కోపం అక్క మీద కాదు. అక్క ఫోటో ముందర పెట్టేది, గింజలు నానబెట్టి తొక్క పితికి చేసే అక్క అనపకాయల పితికిపప్పే కదా. నీ మిద్దె మీద తీగ ఎలా ఉంది? పూతకొచ్చిందా? మంచు పడితే ఆ ఊదా అంచు కాయలు ఎలా వాసన కొడతాయో తలుచుకుంటేనే నోరు ఊరుతోంది. మార్కెట్లో వచ్చే అనపకాయకు ఆ వాసన, ఆ జిడ్డు ఎక్కడివి?

నా తీగ గురించి అడగొద్దు. గ్రూపులో లేనివాడి తీగతో మీకేం పని.

పుల్లయ్య


కడప,
నవంబరు చివర

మామకు నమస్కారాలు.

నీ మాటలు గుచ్చుకున్నాయి. గుచ్చడానికే రాశావు కాబట్టి పని అయిందనుకో.

కార్తీక వనభోజనం ఈసారి కూడా ఒంటిమిట్టలోనే పెట్టుకున్నాం. గుడికి పోయి, అక్కడికి దగ్గర్లోని మామిడితోపులో కూర్చున్నాం. అందరూ విత్తనాలు తెచ్చారు. యామిని తెల్ల వంకాయ గింజలు తెచ్చింది, నీకూ ఒక పొట్లం తీసి ఈ కవర్లోనే పెట్టాను. నారు పోసేటప్పుడు నీడలో పెట్టమంది. పోస్టుమాస్టర్ గారు రాలేదేం అని చాలామంది అడిగారు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఒకటి మాత్రం చూశాను. భోజనాలకు ఎవరూ చెప్పకుండానే రెండు బంతులుగా కూర్చున్నారు. ఈ బంతిలో ఒక పార్టీ, ఆ బంతిలో ఒక పార్టీ. పోయినేడు నువ్వూ జయపాల్ గారూ ఒకే ఆకులో బొబ్బట్టు పంచుకున్న చోటు అది. రాజకీయం ఎవరూ మాట్లాడలేదు. అసలేమీ మాట్లాడలేదు. నియమం బాగా పనిచేస్తోంది అనుకోవాలేమో.

శ్రీకాంత్ వార్డు మీటింగులంటూ ఇంటిపట్టున ఉండటం లేదు. మా అత్త మోకాళ్ళ నొప్పికి నేనే వ్యాయామం చేయిస్తున్నాను, చేస్తున్నంతసేపూ తిడుతుంది. తోటలో బీర, పొట్ల అయిపోయాయి. ముల్లంగి వేశాను. గోంగూరకు ఈసారి పురుగు తక్కువ.

ఆరోగ్యం చూసుకో. అత్తను అడిగానని చెప్పు.

నీ మధు


పత్తికొండ,
డిసెంబరు

చి. మధులతకు,

వంకాయ గింజలు అందాయి. నీడలోనే పెట్టినాను.

నీ ఉత్తరంలో వంకాయ ఉంది, బీర ఉంది, పొట్ల ఉంది, ముల్లంగి ఉంది, మీ అత్త మోకాలు కూడా ఉంది. నేను అడిగిన అనప లేదు. ఉద్యోగమంతా జనాల ఉత్తరాల మధ్యన గడిపినవాణ్ణి. కొడుకు దగ్గర్నుంచి జాబు వచ్చిందని చదివించుకోవడానికి వచ్చినవాళ్ళకు, అందులో లేనిదేదో నా మొహం చూసే తెలిసిపోయేది. నువ్వు దాచలేవు. ఏమైంది?

పుల్లయ్య


కడప,
డిసెంబరు

మామా,

చెబుతున్నాను. తిట్టేముందు ఒక గ్లాసు నీళ్ళు తాగు.

ఈ ఏడు మా మిద్దె మీద అనపతీగ లేదు. గింజలే లేవు. జూన్‌లో వాన పడగానే వేద్దామని బూడిద కలిపి స్టీలు డబ్బాలో పోసి వంటింటి అటక మీద పెట్టాను. ఒక ఆదివారం నేను క్లినిక్‌లో ఉండగా శ్రీకాంత్ చెప్పాపెట్టకుండా వార్డు కమిటీవాళ్ళందరినీ ఇంటికి తీసుకొచ్చాడు. టీతో పాటు ఏమైనా పెట్టాలి. మా అత్త వెంకటేశ్వరమ్మ సంగతి నీకు తెలుసు కదా, ఇంటికొచ్చినవాళ్ళను ఉత్త టీతో పంపదు. డబ్బా కనబడింది. ఎవరో గింజల్లో బూడిద పోశారు పాపం అనుకుని శుభ్రంగా కడిగి, నానబెట్టి, ఉడకబెట్టి, ఉల్లిపాయ పచ్చిమిర్చి కొబ్బరి వేసి గుగ్గిళ్ళు చేసింది.

నేను వచ్చేసరికి మీటింగు అయిపోయింది. "మీ అమ్మోళ్ళ అనపగింజలు శానా రుచిగుండాయి పాపా, కార్యకర్తలు గిన్నె నాకి పెట్టినారు" అంది. ఆమె మొహంలో ఎంత సంతోషమో. నేనేమంటాను? విత్తనాలని చెబితే ఆమె అన్నం తినడం మానేస్తుంది. బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. అమ్మ ఏటేటా ఎండబెట్టి నిలుపుకొచ్చిన రకం గింజలు మామా. అవి పార్టీవాళ్ళ మీటింగులో పోయాయి. గ్రూపులోకి రాజకీయం రానివ్వనని నియమం పెట్టుకున్నాను, వంటింట్లోకి వచ్చేస్తే ఏ నియమం పెట్టను?

నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. నీ దగ్గర తీగ ఉంది కదా అనే ధైర్యంతోనే ఇన్ని రోజులు ఊరుకున్నాను. తిథికి వచ్చేటప్పుడు నీ కాయలే తీసుకురా. ఈసారి గింజలు కూడా నీవే కావాలి.

మధు


పత్తికొండ,
డిసెంబరు

చి. మధూ,

నీళ్ళు తాగినాను. రెండు గ్లాసులు.

తిట్టను. తిట్టే అర్హత లేదు. నా తీగ కూడా లేదు.

అక్టోబరులో బాగా పాకింది. ఇంకో నెలకు పూత రావాల్సిన తీగకు పేనుబంక పట్టింది. మునుపైతే ఏం చేసేవాణ్ణి? ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాణ్ణి. పుల్లమజ్జిగ కొట్టమని ఒకరు, వేపనూనె అని ఒకరు, కొసలు తుంచమని ఒకరు, ఇంతలో జయపాల్ వచ్చి ముగ్గురూ తప్పే అని బూడిద చల్లమని, ఏదో ఒకటి చేసి తీగ బతికేది. ఈసారి ఎవరినడగాలి? నిన్నడగడానికి రోషం. పురుగుమందుల అంగడికి పోయినాను. వాడొక సీసా ఇచ్చి మూతెడు కలుపుకోమన్నాడు. కోపంలో ఉన్నవాడి చేతికి మూత చిన్నదిగా కనబడింది. ఇంకొంచెం పోసినాను. రెండు రోజుల్లో తీగంతా మాడిపోయింది. విత్తనానికని ఉంచుకున్న గింజలు కూడా లేవు, ఉన్నవన్నీ నాటేసినాను. నా తీగ గురించి అడగొద్దని అందుకే రాసినాను.

విత్తనం ఒక్క ఇంట్లోనే పెట్టుకోకూడదు, ఇంకో ఊర్లో కూడా ఉండాలని అక్క ఎప్పుడూ అనేది. అందుకే పోయినేడు ఒంటిమిట్టలో మూడు భాగాలు చేసినాం. నీకొకటి, నాకొకటి. మూడోది ఎవరికిచ్చినామో గుర్తుందా? ఇచ్చింది నా చేత్తోనే. జయపాల్‌కు.

ఇప్పుడు అక్క అనప ఈ భూమ్మీద ఉంటే ఎమ్మిగనూరులో ఆయన మిద్దె మీదే ఉంది. ఆయన గ్రూపులోనే ఉన్నాడు కదా. నువ్వే అడుగు. అక్క తిథి అని చెబితే కాదనడు. నా పేరు మాత్రం ఎత్తొద్దు.

పుల్లయ్య


కడప,
జనవరి

మామా,

నేను అడగలేను. ఫోన్ చేశాను, ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. మీ ఇద్దరిదీ ఫోన్ల విషయంలో మాత్రం ఒకటే పార్టీ.

అనపకాయలు బజార్లో తెస్తానని మా అత్త అంటోంది. గుగ్గిళ్ళ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలీదు. బజారు కాయలు అమ్మ ఫోటో ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు. కూర కోసం మాత్రమే కాదు. ఈ ఏడు గింజ పట్టకపోతే ఇక ఎప్పటికీ లేదు.

ఎమ్మిగనూరు నీకు దగ్గర. నువ్వు వెళ్ళు మామా. ఇంత జరిగాక ఇది అడగడం తప్పని తెలుసు. అయినా అడుగుతున్నాను.

మధు


పత్తికొండ,
జనవరి, సంక్రాంతికి ముందు

చి. మధులతకు,

పోయినాను. వచ్చినాను. వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఒకరింటికి ఉత్త చేతులతో పోకూడదు కదా. ఏం తీసుకుపోవాలో మూడు రోజులు ఆలోచించినాను. పండ్లు తీసుకుపోతే రాజీకి పోయినట్టుంటుంది. చివరకు మా మార్కెట్లో టమాటాలు ఒక సంచి నింపుకుని బస్సెక్కినాను. మీ శివలీలత్త చూసి, కొట్లాటకు పోతున్నావా, గింజలకు పోతున్నావా అని అడిగింది. నాకూ సరిగా తెలియలేదు.

ఆయన మిద్దె మీదే ఉన్నాడు. నేను మెట్లెక్కి పోయేసరికి పారతో కుండీ గుల్ల చేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, పార కింద పెట్టలేదు. రిటైరైన కండక్టరు కదా, టికెట్ లేనివాణ్ణి చూసినట్టు చూసినాడు. సంచి కింద పెట్టినాను. తొంగి చూసి అన్నాడు.

"ఇవి సేన్లోవా, రోడ్డు మీదివా?"

"సేన్లోవే. రోడ్డు మీద పడేలోపల తెచ్చినా" అన్నాను.

ఆయన భార్య ఉరుకుందమ్మ కింద నుంచి నీళ్ళ చెంబుతో వచ్చి సంచి చూసి నవ్వింది. "తగువును సంచిలో ఏసుకోనొచ్చినావేమప్పా! కూసో, సంగటి తిని పోదువు" అంది. ఆమె నవ్విన తర్వాత మేమిద్దరం బిగుసుకుని నిలబడటం బాగుండదని కూర్చున్నాం.

నేను సుత్తి లేకుండా చెప్పినాను. అక్క తిథి వస్తోంది, మీ దగ్గరున్న అనప తప్ప ఇంకెక్కడా లేదు, కాసిని కావాలి అని. నా తీగ ఏమైందని అడిగినాడు. చెప్పినాను. నీ గింజలు ఏమైనాయని అడిగినాడు. అదీ చెప్పినాను. వార్డు కమిటీ గుగ్గిళ్ళు అనగానే మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు, భుజాలు ఊగినాయి. తన పార్టీవాళ్ళు కదా.

తర్వాత లేచి వెనక్కి తీసుకుపోయినాడు. మధూ, ఏం చెప్పమంటావు. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు పందిరి. దాని నిండా ఊదా అంచు కాయలు. పందిరి గుంజకు ఒక రేకు ముక్క వేలాడుతోంది, దాని మీద సున్నంతో "లక్ష్మీదేవమ్మ" అని రాసి ఉంది. అక్క పేరు ఎమ్మిగనూరులో ఎవరింటి మిద్దె మీదో చూస్తాననుకోలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. దాచుకోలేదు.

"ఆయమ్మ పేరు పెట్టకుంటే యాడిదో మర్సిపోతాం గదా" అన్నాడు. "రాప్పా, కోద్దాం. పచ్చివి కూరకు, ఎండినవి ఇత్తనానికి."

ఇద్దరం కోస్తూ కూర్చున్నాం. మాట రాకుండా ఎంతసేపు ఉంటుంది? టమాటా దగ్గరికే వచ్చింది. ఆయన తమ్ముడు కూడా దేవనకొండ దగ్గర టమాటా వేసి, అదే వారం మా మార్కెట్లోనే పోసిపోయినాడంట.

"నా తమ్ముడు బస్సుకు దుడ్లు లేక లారీ ఎక్కి ఇంటికొచ్చినాడు. ఆ పొద్దు నువ్వు రాసింది సదివి నాకు ఒళ్ళు మండింది. టమాటా గురించి రాసినందుకు గాదు. అడగాల్సినోళ్ళు నిద్రపోతాండారని మా వోళ్ళను ఒక్కరినే అంటివి సూడు, దానికి" అన్నాడు.

"నిద్ర పోయినోళ్ళను గాక మేలుకున్నోళ్ళను అంటారా?" అన్నాను.

"మీవోళ్ళు మేలుకోని ఏం సేసినారో సెప్పు!"

మళ్ళీ మొదలైంది. గ్రూపులో ఏ మాటలు రాసుకున్నామో అవే అన్నాం, కొన్ని కొత్తవి కూడా అన్నాం. కానీ చేతులు కాయలు కోస్తున్నాయి. గట్టిగా అరిచినప్పుడల్లా ఉరుకుందమ్మ కింద నుంచి "కాయలు జాగర్త" అని కేక వేస్తోంది. ఆయన నా మాట ఒప్పుకోలేదు. నేను ఆయన మాట ఒప్పుకోలేదు. రేపు ఓటు కూడా ఎవరిది వారిదే.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట.

సంగటి తింటుండగా నేనన్నాను, ఎంతైనా నువ్వు అదృష్టవంతుడివి జయపాల్, నువ్వు గ్రూపులో ఉన్నావు, నేను బయట ఉన్నాను అని. ఆయన ముద్ద ఆపి నన్ను చూసినాడు.

"నేనూ లేనప్పా. నిన్ను తీసేసిన మర్సటి దినమే నేనూ బయటికొచ్చినా. కొట్లాట ఇద్దరం సేస్తే ఒకన్ని పంపిచ్చి ఒకన్ని కూకోబెట్టేది ఏం న్యాయం? నేను గెలిసినట్టా? అట్ల గెలిసేది నాకొద్దు. పెద్దాయప్పను పిలిస్తేనే నేనొస్తానని మధులతమ్మకు మెసేజి పెట్టి మరీ వచ్చినా. ఆయమ్మ నీకు సెప్పలేదా?"

నీ ఉత్తరం నాకు గుర్తుకొచ్చింది. జయపాల్ గారు ఆ రోజు నుంచి గ్రూపులో ఒక్క మాట రాయలేదని రాసినావు. నిజమే మధూ. లేనివాడు ఏం రాస్తాడు? ఆయన ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో కూడా నీకు తెలుసు. తెలిసే నన్ను పంపినావు.

ఆయన నా మొహమే చూస్తున్నాడు. ఉరుకుందమ్మ కూడా.

"చెప్పింది" అన్నాను. "అప్పుడే చెప్పింది. నేనే రోషం కొద్దీ పట్టించుకోలేదు."

అబద్ధం. సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని, అన్నం పెట్టిన ఇంట్లో, ఈ వయసులో అబద్ధం చెప్పినాను. ఆయన ముందర నువ్వు చిన్నబోవడం నాకు పట్టలేదు. సొంత మనిషివని నువ్వు నన్ను తీసినావు. సొంత మనిషివని నేను నీ కోసం అబద్ధం చెప్పినాను. చెల్లుకు చెల్లు.

పచ్చికాయలు తిథి ముందురోజు నేనే తెస్తాను. ఎండుగింజలు కూడా.

పుల్లయ్య


కడప,
మాఘమాసం

మామకు నమస్కారాలు.

తిథి అయిన సాయంత్రం నువ్వు బస్సెక్కాక రాయాలని కూర్చున్నాను, అప్పుడు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఎమ్మిగనూరు ఉత్తరం నేను క్లినిక్‌లో చదివాను. "చెప్పింది అన్నాను" అన్న చోట ఆగిపోయాను. నడుంనొప్పితో వచ్చినాయన బల్ల మీద బోర్లా పడుకుని, ఏమ్మా మొదలుపెట్టలేదా అని అడుగుతుంటే నేను పక్కగదిలో ఏడుస్తున్నాను. చెల్లుకు చెల్లు అన్నావు. చెల్లలేదు మామా. నేను నిన్ను తీసి, నా మంచితనం నిలబెట్టుకున్నాను. నువ్వు నీ మాట పోగొట్టుకుని, నా పరువు నిలబెట్టావు. రెండూ ఒకటి కావు. జయపాల్ గారు వెళ్ళిపోయారని నీకు రాస్తే, నేను చేసింది తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుందని రాయలేదు. అంతకుమించి కారణం లేదు.

అందుకే జయపాల్ గారిని, ఉరుకుందమ్మను తిథికి పిలవడానికి ఆ ఆదివారం నేనే ఎమ్మిగనూరు వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళాను. ఆయనకు నిజం చెప్పేశాను, మా మామకు నేను చెప్పలేదండీ, ఆయన నా కోసం అబద్ధం ఆడాడు అని. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఆ పొద్దే తెలుసు పాపా. ముద్ద నోట్లో పెట్టుకోకుండా సెప్పినాడు గదా" అన్నారు. నీ అబద్ధం అక్కడే పట్టుబడింది మామా. అయినా ఆయన నీకు చెప్పలేదు, చూశావా.

తిథి ముందురోజు మా ఇంట్లో జరిగింది నువ్వు చూశావు కానీ, నాకు రాసుకోవాలనుంది. నానబెట్టిన గింజలు పెద్ద తప్పాలలో మధ్యన పెట్టుకుని చుట్టూ నువ్వు, జయపాల్ గారు, శ్రీకాంత్, ఆయన కోసం వచ్చి ఇరుక్కుపోయిన ఇద్దరు వార్డువాళ్ళు, ఉరుకుందమ్మ, శివలీలత్త, మా అత్త, నేను. ఒక్కో గింజా వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి తప్పాలలో పడుతోంది, తొక్కు చేతిలో మిగులుతోంది. మీరిద్దరూ మళ్ళీ టమాటా గొడవ ఎత్తుకున్నారు. శ్రీకాంత్ జయపాల్ గారి వైపు, వార్డువాళ్ళలో ఒకడు నీ వైపు తిరిగాడు. అది చూసి శ్రీకాంత్ మొహం మాడిపోయింది. ఒక్కరూ లేచి వెళ్ళలేదు. లేవడానికి చేతులు ఖాళీ లేవు. అమ్మ ఫోటో ముందు ఆ కూర పెట్టినప్పుడు ఇల్లంతా ఆ వాసనే. నాకు అమ్మ లేని బాధ ఆ రోజే ఎక్కువ తెలిసింది, ఆ రోజే కొంచెం తగ్గింది కూడా.

గ్రూపు సంగతి. ఏం జరిగిందో దాచకుండా అందరికీ రాశాను. మిమ్మల్ని ఇద్దరినీ తిరిగి చేర్చాను. నియమం మార్చాను. టమాటా ధర రాయొచ్చు, నీళ్ళు రాకపోతే రాయొచ్చు, పంటను తాకేది ఏదైనా రాయొచ్చు. కొట్లాట మొదలైతే మాత్రం ఒకరిని తీయను, ఇద్దరినీ తీస్తాను. సొంత మనిషైనా, కాకపోయినా. మైదుకూరు ఆమెకు ఫోన్ చేసి మళ్ళీ రమ్మన్నాను. ఆ మిరపాకు ముడతకు ఏం కొట్టాలో నువ్వే ఆమెకు చెప్పాలి. పురుగుమందు మాత్రం చెప్పకు.

ఇక ఎండుగింజలు. మళ్ళీ మూడు భాగాలు చేశాను. నీ భాగం ఈ కవర్లో ఉంది. వానలు పడేదాకా శివలీలత్త దగ్గర దాచు, నీ దగ్గర వద్దు. జయపాల్ గారి భాగం ఆయనకు పంపేశాను.

నా భాగం కూడా ఆయనకే పంపాను. జూన్ దాకా ఆ రేకు ముక్క కిందే ఉండనీ అని రాశాను. ఎలక్షన్లు దగ్గరకొచ్చాయి మామా, మా ఇంటికి మళ్ళీ జనం వస్తారు. మా అత్త గుగ్గిళ్ళు బాగా చేస్తుంది.

నీ మధు